మాఘ పున్నమి టేపు

ఓబుళపతికి మస్తానమ్మ మీద అనుమానం పుట్టింది. పుట్టినప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు.

ఇద్దరూ లాలమ్మవ్వ శిష్యులే. తాడిపత్రి దాటినాక, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల వెనక, గుట్ట కింద అవ్వ ఆశ్రమం ఉంది. ఆశ్రమం అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక బండల మిద్దె, ఒక వంటకొట్టం, పక్కన చిన్న గది. పున్నమికి పున్నమికి జనం వచ్చి అవ్వ ముందు కూచుంటారు. ఆమెకు మాట్లాడాలనిపిస్తే మాట్లాడుతుంది. లేకుంటే లేదు.

ఈ పున్నమి కూటాలను సుంకన్న అనే భక్తుడు చాలా ఏళ్ళు చిన్న టేపుల కెమెరాతో తీశాడు. సుంకన్న పోయాడు. టేపులు రేకుపెట్టెలో మిగిలాయి. వాటికి బూజు పడుతోందని చూసి, అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని శిష్యులు అనుకున్నారు. అందులోంచి మంచి ముక్కలు ఏరి, అవ్వ గురువు ఆరాధన రోజుకు ఒక సినిమాలాగ కూర్చాలని కూడా అనుకున్నారు.

పని మస్తానమ్మకు అప్పగించారు. ఊళ్ళో ఆమెకు పెండ్లి వీడియోల షాపు ఉండేది. మొగుడు వీడియో తీసి తెస్తే ఆమె కత్తిరించి అతికేది. మొగుడు చనిపోయాక షాపు ఎత్తేసి వచ్చి, ఇక్కడ వంటకొట్టంలో చేరింది. ఇది తప్ప ఇంకో చోటు లేని మనిషి. అడిగిందానికి జవాబు చెబుతుంది. అడగందానికి చెప్పదు.

ఆ పనిని కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఓబుళపతిది. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపినవాడు. అందరికంటే ముందు వచ్చిన శిష్యుడు. ఆమె పనిచేసే చిన్న గదిది తప్ప ఆశ్రమం తాళంచెవులన్నీ అతని మొలకే వేలాడేవి.

మొదటి రోజు ఆ గదిలో ఆమె వెనక స్టూలు వేసుకుని కూచున్నాడు. కెమెరాలో టేపు తిరుగుతుంటే బొమ్మ వైరు గుండా కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది. తొందర పెట్టడానికి లేదు. ఎక్కినాక చూస్తే ఆ ఒక్క టేపే పదమూడు జీబీ ఉంది.

రెండో టేపు భజన. తాళాలు, డప్పులు, నిలబడ్డానికి చోటు లేనంత జనం. అదీ పదమూడే. ఆ తర్వాత దాంట్లో అవ్వ ఒక్కతే కూచుని చెనక్కాయలు ఒలుస్తా ఉంది. అదీ పదమూడే.

భజనకూ పదమూడు, చెనక్కాయలకూ పదమూడేనా అని అడిగాడు. ఇది ప్రతి బొమ్మనూ మొత్తంగా రాసుకుంటుందన్నా, దానికి అన్నీ ఒకటే అని మస్తానమ్మ చెప్పింది.

ఈ మాట ఓబుళపతికి బాగా నచ్చింది. గంటకు పదమూడు. ఇంక వెనక కూచోవలసిన పని లేదు. సాయంత్రం వచ్చి ఫైలు పక్కనున్న అంకె చూస్తే చాలు. అంకె తగ్గిందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే.

కొన్నాళ్ళకు డిస్కు నిండుకు వచ్చింది. ఇంకొక డిస్కు కావాలని మస్తానమ్మ అడిగింది. తీసిచ్చినదాంట్లోనే సర్దుకోమన్నాడు. ఇంత పెద్ద డిస్కు అప్పుడే ఎట్ల నిండుతుంది. పాత షాపు పెండ్లిళ్ళు కూడా ఇందులోనే దాచుకుంటోందేమో. ఆమె సరే అని తల ఊపింది. ఎందుకు సరే అందో అతనికి అర్థం కాలేదు. అర్థం కానిది ఏదైనా అతనికి అనుమానమే.

ఆ తర్వాత అన్నీ కనిపించడం మొదలయ్యాయి. అతను గదిలోకి వస్తే ఆమె చప్పున తెర ఆర్పుతుంది. ఫోన్ వస్తే బయటికి పోయి మాట్లాడుతుంది. ఒకరోజు అతను మధ్యాహ్నం ఊళ్ళోకి పోతూ డిస్కు మీద వేలితో కొంచెం రాతిపిండి చల్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి ఆ పిండి మీద ఇంకా పిండి పడి ఉంది. ఫ్యాక్టరీల గాలికి అక్కడ అన్నిటి మీదా అదే పడుతుంది. అయినా అతని మనసు నిలవలేదు. పిండి చెరిపి, మళ్ళీ చల్లిపెట్టిందేమో అనుకున్నాడు.

ఇంతలో కెమెరా చివరి టేపును వెనక్కి చుడుతూ నమిలి ఆగిపోయింది. ఇప్పుడు ఇట్లాంటివి బాగుచేసే వాళ్ళు లేరని ఊళ్ళో చెప్పారు. ఎక్కవలసిన టేపులు అప్పటికే ఎక్కేశాయి కాబట్టి మస్తానమ్మ పెద్దగా బాధపడలేదు. ఆమె బాధపడలేదని ఓబుళపతి గమనించాడు.

ఆ మరుసటి రోజే అతను ఫైళ్ళన్నీ వరసగా చూస్తూ వచ్చాడు. కొన్ని రెండు, మూడు జీబీలకు తగ్గి ఉన్నాయి. మాఘ పున్నమి దగ్గర ఆగిపోయాడు. పక్కన పదమూడు లేదు. అర జీబీ కూడా లేదు.

మాఘ పున్నమి టేపు అతని టేపు.

చాలా ఏళ్ళ కిందట అతనికీ అన్న చౌడప్పకూ భూమి దగ్గర తగాదా వచ్చింది. అన్న తనకు తెలియకుండా గట్టు జరిపించాడని అనుమానం. అన్న ఇంట్లో నీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. నీళ్ళలో ఏం కలుపుతారో అని. ఆ రోజుల్లో ఎవరో ఇక్కడికి పొమ్మంటే వచ్చాడు. ఆ వచ్చిన రోజు మాఘ పున్నమి. అవ్వ తనను ఎదురుగా కూచోబెట్టుకుని గంటసేపు బోధ చేసిందని, ఆ బోధతోనే తాను మనిషినయ్యానని ఓబుళపతి చెప్పేవాడు. కొత్తగా ఎవరు వచ్చినా ముందు ఈ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ బోధలో ఇంకొక మాట చేరేది. ఆరాధన సినిమా మొదలయ్యేది కూడా దీనితోనే అని లోపల లోపల అనుకుని ఉన్నాడు.

ఇప్పుడు ఆ బోధ అర జీబీ లేదు.

అతను ఫైలు తెరిచాడు. అవ్వ కూచుని ఉంది. మౌస్ పట్టుకుని ముందుకు తోశాడు. అవ్వ అట్లే కూచుని ఉంది. ఇంకా తోశాడు. అదే అవ్వ, అదే చీర, అదే గోడ. నోరు కదలదు, చెయ్యి కదలదు. కింద మాత్రం గంట చూపిస్తోంది.

కేబుల్ నడిపినవాడికి ఈ ఉపాయం కొత్త కాదు. నడిచే సినిమాలో ముక్క పోతే అక్కడ ఒక ఫోటో అతికి ఎంతసేపైనా సాగదీయవచ్చు.

ఉదయం మస్తానమ్మ ఎప్పటిలాగే తట్టలో బొరుగుల ఉగ్గాని తెచ్చి గూట్లో పెట్టి, దానిమీద మూత పెట్టింది. కడుపు బాగాలేదన్నాడు. కొద్ది రోజుల నుంచి ఆమె ఏం తెచ్చినా అతని కడుపు బాగుండటం లేదు. ఆమె కంప్యూటర్ మీది గుడ్డ తీసి మడిచింది. అప్పుడు అడిగాడు.

"మాఘ పున్నమి ఫైలు చిన్నగుండాది."

"చిన్నది చేసినానన్నా. డిస్కు సాల్లేదు కదా."

"పెద్దది ఏది?"

"చెరిపేసినా."

ఆమె ఆ మాట ఎంతో తేలిగ్గా అంది. అన్నీ చిన్నవి చేస్తే కత్తిరించేటప్పుడు బొమ్మ చెదిరిపోతుందని, అందుకే సినిమాకు పనికొచ్చేవి పెద్దగానే ఉంచానని, కత్తిరించే పని లేనివాటినే చిన్నవి చేశానని ఆమె చెప్పుకుంటూ పోయింది.

"అంటే నా టేపులో కత్తిరించేది ఏమీ లేదంటావు."

ఆమె నేల చూసింది. లేదన్నట్టుగానే ఉంది ఆ చూపు.

చిన్నది చేసినవి మిగతావీ ఉన్నాయి కదా, అవి రెండు, మూడు జీబీలన్నా వచ్చాయి, ఇదొక్కటే ఎందుకు ఇట్ల చిక్కిపోయిందని అడిగాడు. ఆమె తనకు తెలిసినంతలో చెప్పింది. చిన్న ఫైలు బొమ్మలన్నీ మొత్తంగా రాసుకోదు. ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఏం మారిందో అంత మటుకే రాసుకుంటుంది. మారంది మళ్ళీ రాయదు. భజనలో అన్నీ మారతాయి కాబట్టి అది పెద్దగా వస్తుంది.

"దీంట్ల ఏమీ మారలేదా?"

"పెద్దగా లేదన్నా."

"నేను మారినాను కదా ఆ పొద్దు," అన్నాడు ఓబుళపతి. గొంతు లేచింది. "ఇది ఫోటో. అవ్వ మాటలు తీసేసి ఫోటో అతికినావు. నాకు తెల్దనుకుంటివా? మిగతాదంతా ఏడ దాచినావు?"

మస్తానమ్మ ఏదో అనబోయి మానుకుంది. ఆ మానుకోవడం కూడా అతను గమనించాడు. టేపు పెట్టెలో ఉంది. తిప్పడానికి కెమెరా లేదు. పెద్ద ఫైలు లేదు. అన్ని దారులూ సరిగ్గా మూసుకుని ఉన్నాయి. ఎంత నెమ్మదిగా ఉండే మనిషి, ఎంత పని చేసింది అనుకున్నాడు.

గది తాళంచెవి ఇమ్మని చెయ్యి చాపాడు. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చింది. వచ్చే పున్నమికి నువ్వు ఇక్కడ ఉండకూడదు, అవ్వతో నేను మాట్లాడతానని చెప్పి మిద్దె వైపు నడిచాడు. ఆమె చేతిలో మడిచిన గుడ్డ అట్లే ఉండిపోయింది.

అవ్వ వసారాలో కాళ్ళు చాపుకుని కొర్రలు చెరుగుతోంది. ఓబుళపతి కింద కూచుని మొత్తం చెప్పాడు. పదమూడు సంగతి, డిస్కు సంగతి, తెర ఆర్పడం, ఫోన్లు, రాతిపిండి, ఫోటో. చెప్పి చెప్పి చివరికి, ఆమెను పంపించేయడానికి నీ మాట ఒకటి కావాలవ్వా అన్నాడు.

అవ్వ చాట ఆపలేదు. కంప్యూటర్ ఎట్లుంటుందో కూడా ఆమె సరిగ్గా చూసింది లేదు.

"అడక్కుండా చెరపడం దాని తప్పే," అంది. "అది నేను అడుగుతాలే. ఇంతకీ ఆ పొద్దు నేను నీకు ఏం చెప్పినానో చెప్పు."

ఓబుళపతి సర్దుకుని కూచున్నాడు. ఈ కథ అతను ఎన్నిసార్లు చెప్పాడో. కానీ ఆ మాటలు అన్న మనిషి ముందు చెప్పడం ఇదే మొదలు.

"అన్నదమ్ములన్నాక ఒకర్నొకరు నమ్మాలని చెప్పినావు. భూమి ఏడికీ పోదు, మనమే పోతామని చెప్పినావు. మీ అన్న ఇంటికి పోయి అన్నం తిను అని చెప్పినావు."

"ఇంకా?"

ఆలోచించాడు. కొత్తవాళ్ళకు చెప్పేటప్పుడు నోటికి వచ్చే మాటలు కొన్ని వచ్చాయి. అవ్వ ముఖం చూసి అవి లోపలే ఆగిపోయాయి.

"అంతే అవ్వా."

చాటలో పొట్టు ఇంకా అంచుకు కూడా చేరలేదు.

"గంటసేపు చెప్పినా అంటివే," అంది అవ్వ. "గుక్కలో అయిపాయె. మిగతాదంతా ఏడ దాచినావు?"

తను గదిలో అన్న మాట ఈమెకు ఎవరు చేర్చారు? తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా? వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. తనే చెప్పాడు, ఇప్పుడే, అన్నీ చెబుతూ ఆ మాట కూడా చెప్పాడు.

అవ్వ చాటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"పో. దాన్ని కూడా పిలుచుకో. టేపు చూడు. ముందుకు తొయ్యొద్దు."

మస్తానమ్మ వంటకొట్టం గడపలో కూచుని ఉంది. చెయ్యితో రమ్మన్నాడు. తాళం తీశాడు. ఆమె ఫైలు తెరిచి, మౌస్ అతని చేతికి అందకుండా కాదు గానీ, కొంచెం దూరంగా పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది.

అవ్వ కూచుని ఉంది. ఇప్పటికంటే జుట్టు నల్లగా ఉంది.

ఫోటోనే అనుకున్నాడు. చాలాసేపు అదే అనుకున్నాడు. చెయ్యి రెండుసార్లు మౌస్ వైపు పోయి వెనక్కి వచ్చింది. ఎక్కడ అతుకు పడిందో పట్టుకోవాలని కళ్ళు చిట్లించి చూశాడు. దొంగను పట్టుకోవాలని చూసినంతగా అతను అవ్వను ఎప్పుడూ చూడలేదు.

అట్ల చూడబట్టే కనిపించింది. అవ్వ కాళ్ళ దగ్గర బండ మీద సాయంత్రపు ఎండ ముక్క ఒకటి ఉంది. మొదట అది బండ అంచున ఉంది. ఇప్పుడు ఆమె బొటనవేలి మీదికి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో తెలియలేదు.

ఫోటోలో ఎండ నడవదు.

అతను మస్తానమ్మ వైపు చూడలేదు. తెరనే చూశాడు. అవ్వ చీర మడత దగ్గర ఊపిరి కనిపించింది. అంత చిన్నగా కదులుతోంది. తెర మూలలో ఏదో నల్లగా ఉంటే కెమెరా నీడ అనుకున్నాడు. కాదు, అదొక భుజం. గళ్ళ చొక్కా. ఆ చొక్కా అతనికి తెలుసు. ఆ భుజం మొదట ఊరికే ఉండలేకపోతోంది. లేస్తోంది, పడుతోంది, గోక్కుంటోంది, ద్వారం వైపు తిరుగుతోంది. ఎవరైనా వస్తున్నారేమో అని చూసుకునే మనిషి భుజం.

ఎండ అవ్వ మోకాలి దాకా వచ్చేసరికి ఆ భుజం కదలడం మానేసింది.

అవ్వ ఒక్క మాట అనలేదు. ఇంకా అంటుందేమోనని ఓబుళపతి చూశాడు. టేపు చివరికి వస్తోంది. బయట ఫ్యాక్టరీలో కరెంటు పోయినట్టుంది, రాళ్ళు కోసే రంపాల చప్పుడు ఆగిపోయి గది నిశ్శబ్దమైంది. అప్పుడు టేపులోంచి ఒక గొంతు వినిపించింది. సన్నగా, జలుబు చేసినట్టు ఉంది.

"మా అన్న ఇంటికి పోయి అన్నం తిని వస్తానవ్వా."

అది అవ్వ గొంతు కాదు.

తెర మీద అవ్వ మొదటిసారి కదిలింది. కొంగు సర్దుకుని లేచింది. టేపు అయిపోయింది.

ఓబుళపతి నల్లటి తెర ముందు అట్లే కూచున్నాడు. ఇది నువ్వు ముందే చూసినావా అని అడిగాడు. ఎక్కించేటప్పుడు గంటా చూసినానన్నా, చూడకుండా ఎట్ల ఎక్కుతుంది అంది మస్తానమ్మ.

"మరి చెప్పకపోతివే."

"నువ్వు అందరికీ చెప్పుకుంటాంటివి," అంది ఆమె. కాసేపు గుడ్డ అంచు నలుపుతూ ఉండి, "అందుకే నువ్వొస్తే తెర ఆర్పేస్తాంటి" అంది.

బయట రంపాలు మళ్ళీ మొదలయ్యాయి. ఓబుళపతి లేచాడు. తాళంచెవి కంప్యూటర్ పక్కన పెట్టాడు. గూట్లో మూత కింద ఉదయం తెచ్చిన ఉగ్గాని ఉంది. మూత తీశాడు.

"సల్లగైపోయింటాదన్నా. ఉండు, వేడి చేసుకొస్తా."

"వద్దు. ఇట్లే బాగుంటాది."

గోడకు ఆనుకుని బండ మీద కూచుని తట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. మస్తానమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. అతను చెంబులోకి తొంగి చూడకుండా తాగాడు.

వసారాలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"దొరికిందా నాయనా?"

అతను తట్టలోంచి ముద్ద తీసుకుంటూ తల ఊపాడు. అక్కడి నుంచి ఆమెకు కనిపించదని తెలుసు.

"ఏడ దాచిందంట?" అంది అవ్వ.

ఓబుళపతి నోట్లో ముద్ద ఉంది.